ఉతికిన తాడు

ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళకి పెద్దవాళ్ళు చెప్పే మాటలు కొన్ని ఉంటాయి. టైముకి రండి, పై అధికారికి ఎదురు చెప్పకండి, ఏ కాగితమైనా చదివాకే సంతకం పెట్టండి. నాకు నా పేరు తప్ప మరేమీ రాయడం రాదు, చదవడం అంతకంటే రాదు, కాబట్టి ఆ మూడో మాట చెప్పే అర్హత నాకు లేదు. మొదటి రెండూ నేనే సరిగ్గా పాటించలేదు. నేను చెప్పగలిగింది ఒక తాడు సంగతి. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది. రాస్తూ మధ్యమధ్యలో నవ్వుతోంది. నవ్వనీండి. ఆ రోజుల్లో నాకు నవ్వు రాలేదు.

నేను పనిచేసింది విశాఖపట్నంలో, పోర్టు రోడ్డు పక్కనున్న ఒక కంపెనీ ఆటస్థలంలో. కంపెనీ పేరు చెప్పను. ఒక పక్క బొగ్గు లారీలు, ఇంకో పక్క కొండ, మధ్యలో మా గ్రౌండు. పొద్దున్న తెల్లగా గీసిన సున్నం గీత సాయంత్రానికి ఎర్రదుమ్ము పడి మట్టిలో కలిసిపోయేది. అందుకే ఆట ఉన్న ప్రతి రోజూ గీతలు మళ్ళీ గీయాలి. ఆ పని పంతొమ్మిదేళ్ళు మా ఆయన చేశాడు. ఒక వానాకాలం చివర్లో, సున్నం డబ్బా పక్కనే, గుండె ఆగి పడిపోయాడు. చనిపోయినవాడి భార్యకి ఇచ్చే ఉద్యోగం కింద రెండు నెలలకి ఆ డబ్బా నా చేతికొచ్చింది. మొదటి ఏడాది ప్రొబేషన్ అన్నారు. అంటే ఏడాది పాటు ఎవరికి కోపం వచ్చినా నన్ను తీసెయ్యొచ్చన్నమాట.

మా అత్త అప్పటికింకా బతికే ఉంది. మా ఆయన పోయాక ఇంట్లో శుభకార్యమైతే గుమ్మంలో ముగ్గు గిన్నె నన్ను ముట్టుకోనిచ్చేది కాదు. అదే చేత్తో రోజుకి బస్తాడు సున్నం గీయమని కంపెనీ నాకు జీతం ఇచ్చింది. కంపెనీకి పట్టింపుల్లేవు, అంతవరకు మెచ్చుకోవాలి.

ఆ గ్రౌండులో ఫుట్‌బాల్ ఆడేవారు, బేస్‌బాల్ ఆడేవారు. బేస్‌బాల్ మన ఊళ్ళో ఎవరు చూస్తారని మీరడగొచ్చు. ఎవరూ చూడరు. మా కంపెనీలో దానికంత విలువ అందుకే. క్రికెట్‌లో కప్పు కావాలంటే నిజంగా ఆడాలి. బేస్‌బాల్‌లో పోటీకి వచ్చేవాళ్ళు తక్కువ, కప్పులు ఎక్కువ.

ఆట నాకు తెలిసినంతలో చెబుతాను. గ్రౌండులో ఒక పెద్ద చదరం గీస్తాం. ఒక మూలలో కర్ర పట్టుకుని ఒకడు నిలబడతాడు. చదరం నడుమ నుంచి ఇంకొకడు బంతి విసురుతాడు, వాణ్ణి పిచ్చర్ అంటారు. కర్రవాడు బంతిని కొట్టి నాలుగు మూలలూ చుట్టి రావాలి. మూడు సార్లు కర్ర ఊపినా బంతి తగలకపోతే తల దించుకుని వెళ్ళిపోవాలి. అంతే. మిగిలిన రూల్స్ అన్నీ కంపెనీ ఆటల కమిటీవాళ్ళు టీ తాగుతూ తగువులాడుకోవడానికి.

అది ఫుట్‌బాల్ కూడా ఆడే నేల కాబట్టి పిచ్చర్‌కి మట్టి గట్టు కట్టరు, మూలలకి మేకులు ఉంచరు. కర్రవాడు నిలబడే మూల ఒక్కటే భూమిలో పాతిన రాయి. తక్కినవన్నీ ప్రతిసారీ కొలిచి పెట్టాలి. దానికి మా ఆయన దగ్గర ఒక నూలు తాడుండేది, బొటనవేలు లావు. దానికి ముళ్ళు. రాయి దగ్గర ఒక ముడి పెట్టి లాగితే, ఎర్రగుడ్డ కట్టిన ముడి దగ్గర పిచ్చర్, చివరి ముడి దగ్గర చదరం మూల. పంతొమ్మిదేళ్ళు ఆ తాడే కొలత.

ఉద్యోగంలో చేరే వారం ముందు ఆ తాడు ఇంటికి తెచ్చుకున్నాను. సున్నం, మట్టి, ఆయన చెమట, అన్నీ పట్టి రాయిలా ఉంది. పోయిన మనిషి వస్తువు, శుభ్రంగా ఉండాలనుకున్నాను. గోపాలపట్నం బజారుకి వెళ్ళి బట్టల సోడా కొనుక్కొచ్చి, పెద్ద డేగిసాలో నీళ్ళు మరిగించి, తాడు అందులో వేసి ఉడకబెట్టాను. తర్వాత బండ మీద బాదాను. మూడు రోజులు ఎండలో ఆరేశాను. తెల్లగా, మల్లెపూవులా వచ్చింది. దాన్ని పట్టుకుని ఏడ్చాను కూడా. ఉద్యోగంలో నేను చేసిన మొదటి పని అది. అంత భక్తిగా మరే పనీ చేయలేదు, అంత పెద్ద తప్పూ మరొకటి చేయలేదు.

ఆ గ్రౌండులో ఏటా ఒక అవార్డు ఇస్తారు. ఉత్తమ ఔత్సాహిక బేస్‌బాల్ ఆటగాడు, ఇంగ్లీషులో అమెచ్యూర్. ఒక చెక్క పలక, ఒక శాలువా, ఒక సర్టిఫికెట్. పలక గోడకి, శాలువా పెళ్ళాం పెట్టెకి పోతాయి. సర్టిఫికెట్ ఒక్కటే పనికొచ్చేది. అది ఉంటే ఆటల కోటాలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

పెందుర్తి నుంచి బస్సులో వచ్చే ఒక కుర్రాడు ఉండేవాడు. కుర్రాడంటున్నాను గానీ ఇరవై తొమ్మిదేళ్ళు. డిగ్రీ చదివి పూర్ణా మార్కెట్‌లో ఉల్లిపాయల గోదాములో పనిచేసేవాడు. పొద్దున్న బస్తాలు, మధ్యాహ్నం కర్ర. వాడు ఎప్పుడొచ్చినా ముందు ఉల్లిపాయ వాసన వచ్చేది, తర్వాత వాడొచ్చేవాడు. మా ఆయన్ని మావా అనేవాడు, అందుకని నన్ను అత్తా అన్నాడు. కర్ర పట్టుకుంటే మా గ్రౌండులో వాడే మొనగాడని మా ఆయన ఇంట్లో ఎన్నిసార్లు చెప్పాడో. మూడేళ్ళ నుంచీ కమిటీవాళ్ళు వాడితో "వచ్చే ఏడాది నీదే" అంటూ, ఒక ఏడాది ఒకరి అల్లుడికి, ఒక ఏడాది ఒకరి తమ్ముడికి, ఒక ఏడాది ఆట మానేసి రెండేళ్ళయిన ఒకాయనకి ఇచ్చారు. ఈ ఏడాదే రావాలి. వచ్చే ఏడాదికి వాడి వయసు కోటా దాటిపోతుంది.

ఒకసారి వాణ్ణి అడిగాను, "అమెచ్యూర్ అంటే ఏటిరా?" అని.

"ఆట ఆడినా డబ్బులివ్వరత్తా. ఇష్టం కొద్దీ ఆడాల."

"అలాగైతే మీ మావ బతికున్నన్నాళ్ళూ నాను వంటింట్లో అమెచ్యూర్నే గావాల."

"నీకు శాలువా కూడా ఇవ్వనేదు కదత్తా," అన్నాడు వెధవ.

మా పిచ్చర్ సంగతి వేరు. కోచ్‌గారి బావమరిది. కంపెనీ టైమాఫీసులో, అంటే హాజరు వేసే చోట, ఉద్యోగం. నెలనెలా జీతం తీసుకుంటూ రోజంతా గ్రౌండులో ఉండేవాడు. మరి ఈయన ఔత్సాహికుడు ఎలా అయ్యాడని ఒక ముసలి క్రీడాకారుడు మీటింగులో అడిగితే కమిటీ తేల్చిందేమిటంటే, జీతం టైమాఫీసు పనికి ఇస్తున్నారు, ఆ పని ఆయన చేయడం లేదు, ఆట మాత్రం ఉచితంగా ఆడుతున్నాడు, కాబట్టి శుద్ధమైన ఔత్సాహికుడు. మనిషి మాత్రం చెడ్డవాడు కాదు. నేను సున్నం బస్తా మోస్తుంటే వచ్చి అందుకునేవాడు. ఆట మాత్రం అంతంతమాత్రం అనేవాడు మా ఆయన.

నేను ఉద్యోగంలో చేరిన నెల నుంచి ఆ పిచ్చర్ పులైపోయాడు.

ఎవరొచ్చి కర్ర పట్టుకున్నా బంతి తగిలేది కాదు. కర్ర ఊపేలోపే బంతి వెళ్ళిపోయేది. బయటి జట్లు వచ్చాయి, అవీ అంతే. విజయనగరం నుంచి వచ్చిన కెప్టెన్ ఒకడు నెత్తి గోక్కుని, "ఇదేటి బావా, మీ ఊళ్ళో బంతి తొందరగా వచ్చీస్తంది," అన్నాడు. మా కమిటీ సెక్రటరీగారు నవ్వి, "ఇది సిటీ నాయనా, ఇక్కడ అన్నీ ఫాస్టే," అన్నారు. మా వాళ్ళ పరుగులు కూడా పెరిగాయి. కొట్టిన నలుగురైదుగురూ మూలలు చుట్టేసి లేళ్ళలా వచ్చేవారు. కోచ్‌గారిని పేపరువాళ్ళు వచ్చి అడిగారు. ఊపిరి మీద పట్టు, సముద్రపు గాలి, రోజుకి ఆరు గుడ్లు అని చెప్పారు. ఫొటో కూడా వేశారు, చేతిలో గుడ్లట్టతో. తర్వాత జట్టు వేరే ఊరు వెళ్ళి చిత్తుగా ఓడిపోయి వచ్చింది. ఎందుకిలా అయిందని అడిగితే, అక్కడి గుడ్లు వేరన్నారు.

ఉల్లిపాయల కుర్రాడు మాత్రం ఆరిపోయాడు. రోజూ మూడు ఊపులు, మూడూ గాలికే. మొదట్లో నవ్వాడు. తర్వాత మాట్లాడ్డం తగ్గించాడు. ఒకరోజు కళ్ళజోడు పెట్టుకుని వచ్చాడు.

"ఇదేటిరా, నీకు సూపు తగ్గినాదా?"

"డాక్టరు బాగానే ఉందంటన్నాడత్తా. ఏటీ నేదు, పొమ్మన్నాడు. నాకే నమ్మకం లేక ఉత్త అద్దాలు పెట్టించుకున్నాను. బంతి ఎందుకు కనబడతలేదో మరి."

"పని ఎక్కువయ్యుంటాది."

"వయసైపోనాదేమో," అన్నాడు. ఇరవై తొమ్మిదేళ్ళవాడు ఆ మాట అన్నాడు. నేను సున్నం కలుపుతూ "దేవుడున్నాడులే" అన్నాను. దేవుడి సంగతేమో గానీ, తాడు నా భుజం మీదే ఉంది.

మే నెల దాటేసరికి వాణ్ణి జట్టు చివరికి తోసేశారు. అవార్డు పిచ్చర్‌దే అని ఖాయమైంది. చెక్క పలక మీద పేరు చెక్కించేశారు కూడా. ఒక మాట ఇక్కడ చెప్పాలి. ఆ అవార్డుకి రూలు ఒకటుంది: ఏడాది ఆట సగం, అవార్డు రోజు ఆడే చివరి ఆట సగం. రూలు పుస్తకంలో ఉండేది. పలక మాత్రం ఎప్పుడూ నెలల ముందే తయారయ్యేది. ఎవరికీ తప్పు అనిపించేది కాదు.

అవార్డు ఆగస్టులో. జూలైలో వానలు పట్టుకున్నాయి. నేను చేరినప్పుడు గ్రౌండు బోడిగుండులా ఉండేది. వానకి గడ్డి లేచింది. ఒక పొద్దున్న తాడు పట్టుకుని రాయి దగ్గర నిలబడ్డాను. ఎదురుగా చూస్తే, పచ్చటి గడ్డిలో ఒక సన్నని బోడి చార. గడ్డి మొలవలేదు. చార వెంబడి నడిచాను. మూల తిరిగింది. మళ్ళీ నడిచాను. మళ్ళీ తిరిగింది. నాలుగు మూలలు. నడుమలో ఒక గుండ్రటి మచ్చ.

మా ఆయన గీతలు. చదరానికి అన్ని పక్కలా గీయాల్సిన పనిలేదట, ఆయన అందంగా ఉంటుందని నాలుగు పక్కలా గీసేవాడు. పంతొమ్మిదేళ్ళ సున్నం ఆ చోట నేలని కాల్చేసింది. వాన ఎంత పడినా అక్కడ గడ్డి పుట్టదు. మనిషి పోయి ఏడాది కావస్తోంది, ఆయన గీసిన చదరం మాత్రం నా కళ్ళముందు లేచి కూచుంది. నా గీతలు దాని లోపల ఉన్నాయి.

తాడు వేసి లాగాను. చివరి ముడి ఆయన మూలకి అందలేదు. మూర పెట్టి చూస్తే మూడు మూరలు తక్కువ. ఎర్రగుడ్డ ముడి దగ్గర, పిచ్చర్ నిలబడే చోట, రెండు మూరలు తక్కువ. ముళ్ళు ఊడాయా అని చూశాను. ఒక్కటీ ఊడలేదు. అప్పుడు గుర్తొచ్చింది, డేగిసా, సోడా, మరిగే నీళ్ళు. నూలు చీర ఉడకబెడితే పొట్టిదైపోతుందని ఏ ఆడదానికైనా తెలుసు. తాడూ నూలే అని నాకు తట్టలేదు. అది నాకు తాడులా కనబడలేదు, మా ఆయనలా కనబడింది.

తడి గడ్డి మీద కూలబడ్డాను. పిచ్చర్ పులి ఎలా అయ్యాడో, కుర్రాడికి కళ్ళజోడు ఎలా వచ్చిందో అర్థమైంది. రెండు మూరలు దగ్గర నుంచి విసిరితే నేనూ పులినే.

నేరుగా సెక్రటరీగారి గదికి వెళ్ళాను. ఆయన పేపరు చదువుకుంటున్నారు. చెప్పాను. తాడు, ఉడకబెట్టడం, గడ్డి, మూరలు, అన్నీ. ఆయన పేపరు దించలేదు.

"గడ్డి చూసి గ్రౌండు తప్పంటావా?"

"గడ్డి కాదు బాబూ, గడ్డి మొలవని చోటు."

"కోచ్‌గారు రోజూ అక్కడే ఉంటారు. కమిటీ నలుగురూ ప్రతి ఆటా చూస్తారు. వాళ్ళకి కనబడనిది నీకు కనబడిందా?"

"ఆలు షామియానా కింద కూకుంటారు బాబూ. గీత గీసేది నానే కదా."

"టేపు పెట్టి కొలిచావా?"

"టేపు స్టోర్లో ఉంది. మూడు సంతకాలు కావాలంటన్నారు."

అప్పుడు పేపరు దించారు. "నీ ప్రొబేషన్ ఎప్పుడైపోతుంది?"

"నాలుగు నెలలుంది బాబూ."

"మరి ఈ నాలుగు నెలలూ గడ్డి గురించి మాట్లాడకు."

మాట్లాడకు అన్నారు, మాట్లాడలేదు. గీయొద్దు అని మాత్రం అనలేదు.

వాన పడినన్నాళ్ళూ ఆటల్లేవు. అవార్డు రోజే మళ్ళీ మొదటి ఆట. పొద్దున్నే ఐదు గంటలకి సున్నం డబ్బా పట్టుకుని వెళ్ళాను. తాడు ఇంట్లో వదిలేశాను. ఆయన బోడి చార వెంబడి నడుస్తూ సున్నం పోశాను. కొలవాల్సిన పనేముంది. ఎక్కడ గడ్డి లేదో అక్కడ గీత. నడుమ గుండ్రటి మచ్చ మీద పిచ్చర్ నిలబడే చెక్క పెట్టి మేకులు కొట్టాను. భయం కొంచెం. ఆయనతో కలిసి పని చేస్తున్నట్టు కొంచెం.

సాయంత్రం షామియానా, బ్యాండు, సమోసాలు. ముఖ్య అతిథి కంపెనీలో పెద్ద ఆఫీసరు. "మన క్రికెటర్లు" అంటూ మొదలుపెట్టారు, పక్కనున్నవాళ్ళు చెవిలో చెబితే "ఏ ఆటైనా ఆటే" అని సర్దుకున్నారు. ఆట మొదలైంది. కుర్రాణ్ణి ఎదుటి జట్టులో వేశారు, అదీ వాళ్ళలో ఒకడు కామెర్లు వచ్చి రాలేకపోబట్టి.

పిచ్చర్ మొదటి బంతి విసిరాడు. నేల మీద పడి దొర్లుకుంటూ వచ్చింది. రెండోది కూడా. ఆయన తన చెయ్యి కేసి చూసుకున్నాడు, అదెవరి చెయ్యో అన్నట్టు. మూడోది బలంగా విసిరాడు. వచ్చింది, నిదానంగా, పెళ్ళికూతురు వచ్చినట్టు. కుర్రాడు చూశాడు. ఏడాదిలో మొదటిసారి బంతిని పూర్తిగా చూశాడు. కర్ర తిప్పాడు.

ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది. బంతి గోడ దాటి పోర్టు రోడ్డు మీద పోతున్న బొగ్గు లారీలో పడింది. లారీ ఆగలేదు.

ఆ రోజు నాలుగు సార్లు కర్ర పట్టాడు, మూడు సార్లు నాలుగు మూలలూ చుట్టాడు. పరిగెత్తుకుంటూ నా దగ్గరికొచ్చాడు, రొప్పుతూ.

"అత్తా! అద్దాలు పనిసేసినాయత్తా! ఇన్నాళ్ళకి అలవాటు పడ్డాయి!"

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "అద్దాలు కాదురా, తాడు," అన్నాను. వాడికి అర్థం కాలేదు.

కోచ్‌గారికి మాత్రం ఏదో అర్థమైంది. ఆట మధ్యలో చదరం నడుమకి వెళ్ళి అడుగులేసి కొలిచారు. మళ్ళీ కొలిచారు. ముఖం మాడిపోయింది.

"ఎవులు గీసారీ గీతలు?"

"నానే బాబూ."

"తప్పు గీసావ్! పండగపూట గ్రౌండు పాడు సేసినావ్! ఆడదాని సేతికి సున్నం ఇత్తే ఇలాగే ఉంటాది!"

"గ్రౌండు తప్పైతే మూర పెట్టి సూడండి బాబూ. ఆడదాని మూరైనా మూరే కదా."

షామియానాలో గుసగుసలు. ముఖ్య అతిథి ఇంటికి వెళ్ళే తొందరలో ఉన్నారు. అవార్డు తాత్కాలికంగా ఆపామని మైకులో చెప్పారు. పలక గుడ్డ కప్పి లోపలికి తీసుకెళ్ళారు. సమోసాలు మాత్రం ఆపలేదు.

మర్నాడు నాకు కాగితం ఇచ్చారు. అవార్డు రోజున గ్రౌండు తప్పుగా గీసినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి, లేకపోతే ఉద్యోగం తీసేస్తాం అని దాని సారాంశం. చదివి చెప్పింది కుర్రాడే. సంజాయిషీ రాయాల్సింది కూడా వాడే. నాకు తెలిసినవాళ్ళలో కలం పట్టేవాడు వాడొక్కడే మరి. స్కోరుబోర్డు కింద బెంచీ మీద కూచున్నాం.

"నాను సెప్తాను, నువ్వు రాయి. ఆ రోజు గీసింది సరిగ్గా గీసినాను. అంతకు ముందు ఏడాదంతా గీసిందే తప్పు. తాడు ఉడకబెట్టీసినాను, కుంచించుకుపోనాది. పిచ్చరు గొప్పతనం, ఈ కుర్రాడి అసమర్థత, రెండూ నా డేగిసాలోంచి వచ్చినాయి. రాయి."

వాడు సగం రాసి కలం ఆపేశాడు. రాసింది మొదటి నుంచీ చదువుకున్నాడు. ఇన్నాళ్ళూ తన కళ్ళనీ, తన వయసునీ తిట్టుకున్నవాడికి ఆ కాగితంలో జవాబు దొరికింది. కోపం వస్తుందనుకున్నాను. తిట్టినా పడదామనుకున్నాను.

"ఏటి ఆపీసినావ్?"

"ఇది నాను రాయనత్తా."

"ఏటి?"

"ఇది రాస్తే నీ ఉద్యోగం పోద్ది. ఏడాది తప్పు గీసానని నువ్వే ఒప్పుకుంటన్నావు. ఆ రోజు వాన వల్ల గీత సెదిరినాదని రాస్తాను. ఆలూ ఊరుకుంటారు, నీకూ ఏటీ కాదు."

"మరి నీకు?"

"నాకేటి? ఉల్లిపాయలున్నాయి."

"రాయరా."

"రాయను."

"ఒరే, నీ మూడు ఊపులూ గాలికి పోతుంటే రోజూ సూసినాను. దేవుడున్నాడని సెప్పినాను. అబద్ధం కాదేటి? ఈ ఒక్క ముక్కైనా నిజం సెప్పనీ."

"నా కోసం నువ్వు దొంగవి అవ్వక్కర్లేదత్తా."

"దొంగతనం ఏటుందిరా ఇందులో? ఉతికినాను. మొగుడి తాడు ఉతుక్కోడం నేరమైతే జైల్లో పెట్టమను!"

వాడు నవ్వాడు. నవ్వుతూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, ఉత్త అద్దాలే అయినా. తర్వాత రాశాడు. కింద నా పేరు నేనే రాశాను. నాలుగు అక్షరాలు. పావుగంట పట్టింది.

వారానికి విచారణ. మూడు సంతకాలూ అయ్యి స్టీలు టేపు బయటికొచ్చింది. ఇద్దరు పట్టుకుని కొలిచారు. ఒకరు చదివారు, ఒకరు రూలు పుస్తకం చూశారు. అవార్డు రోజు గీసిన గీత అంగుళం తేడా లేకుండా ఉంది. మా ఆయన పంతొమ్మిదేళ్ళు అంగుళం తప్పలేదు. ఆయన బతికుండగా ఆ టేపు ఒక్కసారైనా బయటికి తీసి ఉంటే, ఒక శాలువా ఆయనకీ వచ్చేదేమో.

తర్వాత నన్ను గదిలోకి పిలిచారు. కమిటీ నలుగురూ, సెక్రటరీగారూ, కోచ్‌గారూ. సెక్రటరీగారు నిర్ణయం చదివారు. నేను రాసిచ్చింది కమిటీ నమ్మడం లేదు. ఏడాది పాటు జరిగిన ఆటలన్నీ ఆట తెలిసిన కమిటీ కళ్ళ ముందు జరిగాయి. గ్రౌండు పొట్టిగా ఉండి ఉంటే కమిటీ గమనించేది. కమిటీ గమనించలేదు. కాబట్టి గ్రౌండు ఎప్పుడూ సరిగ్గానే ఉంది. నాపై చర్య ఏమీ లేదు. చదువు లేని మనిషి కాబట్టి ఏదో ఊహించుకుందని కమిటీ క్షమిస్తోంది.

నా తప్పు నేను ఒప్పుకుంటే, అది తప్పు కాదని వాళ్ళు తీర్పిచ్చారు. నా మొగుడి తాడు మీద ప్రమాణం చేసినా వాళ్ళు ఒప్పుకోరు, ఎందుకంటే ఒప్పుకుంటే ఏడాది పాటు షామియానా కింద కూచుని ఏం చూశారని ఎవరైనా అడుగుతారు. ఆరు గుడ్ల సంగతి పేపర్లో కూడా వచ్చింది మరి.

దండం పెట్టి బయటికి వచ్చేదాన్నే. గుమ్మం దగ్గర ఒక మాట తట్టింది.

"బాబూ, ఒకటడుగుతాను. గ్రౌండు ఎప్పుడూ సరిగానే ఉందన్నారు కదా."

"అవును."

"మరి అవార్డు రోజూ సరిగానే ఉన్నట్టే కదా. టేపు కూడా సెప్పింది."

ఫ్యాను తిరుగుతోంది.

"మరైతే ఆ రోజు ఆ కుర్రాడు కొట్టిందీ సరిగా కొట్టినట్టే కదా. పిచ్చరు బాబు నేల మీద దొర్లించిందీ సరిగా దొర్లించినట్టే కదా."

కోచ్‌గారు లేచి నిలబడ్డారు, మళ్ళీ కూచున్నారు. కమిటీలో ఒకాయన, ఏడాదంతా ఒక్క మాట కూడా మాట్లాడనాయన, రూలు పుస్తకం తిరగేసి నెమ్మదిగా చదివారు: ఏడాది ఆట సగం, చివరి ఆట సగం. చదివి పుస్తకం మూసేసి, టీ తెప్పించమన్నారు. ఇరవై ఏళ్ళలో ఆ రూలు గట్టిగా చదవడం అదే మొదటిసారని తర్వాత ఆఫీసు ప్యూను చెప్పాడు.

నిర్ణయం టీ చల్లారేలోపు వచ్చింది. అవార్డు ఇద్దరికీ కలిపి. ఏడాది ఆట పిచ్చర్‌ది, చివరి ఆట కుర్రాడిది. పలక ఒకటే ఉంది, దాని మీద పిచ్చర్ పేరు చెక్కించేశారు, అందుకని కుర్రాడి పేరు కాగితం మీద రాసి కింద గమ్ముతో అతికించారు. అంటించిన మూడో రోజుకి ఒక మూల ఊడింది. శాలువా ఒకటే, అది పిచ్చర్‌కి. సర్టిఫికెట్లు మాత్రం రెండు. మాకు కావాల్సింది అదే.

అవార్డు ఇచ్చిన రోజు పిచ్చర్ బాబు స్టేజీ దిగి నా దగ్గరికొచ్చి చిన్నగా అడిగాడు, "అక్కా, నిజం సెప్పు, తాడు ఉడకబెట్టినావా?" అని. అవునన్నాను. ఆయన చుట్టూ చూసి, "మళ్ళీ ఒకసారి ఉడకబెట్టవా?" అన్నాడు. ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. మా గ్రౌండులో నిజం ఒప్పుకున్న రెండో మనిషి ఆయనే.

దరఖాస్తు ఆఖరి తేదీకి నాలుగు రోజుల ముందు సర్టిఫికెట్ కుర్రాడి చేతికొచ్చింది. మూడు నెలలకి ఉద్యోగం వచ్చింది, ఒక కర్మాగారంలో, మూడు షిఫ్టులు. ఆ ఉద్యోగం ఆటల కోటాలో వచ్చింది. ఆడటానికి సెలవు అడిగితే ప్రొడక్షన్ ముఖ్యమన్నారట. బేస్‌బాల్ ఆడతాడని ఉద్యోగం ఇచ్చినవాళ్ళు మళ్ళీ వాణ్ణి బేస్‌బాల్ ఆడనివ్వలేదు. కొన్నేళ్ళకి ఒకసారి దారిలో కనబడ్డాడు, పొట్ట వచ్చింది, పిల్లలు ఇద్దరు. కళ్ళజోడు అలాగే ఉంది.

"ఇంకా ఎందుకురా ఆ అద్దాలు?"

"ఇప్పుడు నిజంగానే సూపు తగ్గినాదత్తా," అన్నాడు. ఉల్లిపాయ వాసన మాత్రం రాలేదు. అదొక్కటే నాకు సంతోషం.

నా ప్రొబేషన్ అయిపోయింది. గ్రౌండు ఎప్పుడూ సరిగ్గా ఉందని కమిటీయే రాసిచ్చింది కాబట్టి, సంతకం పెట్టక సెక్రటరీగారికి తప్పలేదు. స్టీలు టేపు మళ్ళీ బీరువాలోకి వెళ్ళిపోయింది, తాళం వేశారు. నేను తాడుకి ఒక ముక్క కలిపి, మా ఆయన చారలకి సరిపడా ముళ్ళు మళ్ళీ వేసుకున్నాను. రిటైరయ్యేదాకా దానితోనే గీశాను. సున్నం పట్టింది, మట్టి పట్టింది, నా చెమట పట్టింది. రాయిలా అయింది.

ఆఖరి రోజున నా జాగాలో చేరిన అమ్మాయి వచ్చింది. మొగుడు పోయిన మనిషే, ఒడిలో చిన్న పిల్ల. తాడు చేతికిస్తే ముక్కు మూసుకుంది.

"ఇదేటి పెద్దమ్మా, ఇంత కంపు! రేపు ఇంటికి పట్టుకుపోయి..."

ఆ మాట పూర్తి కానివ్వలేదు. ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"అమ్మా, టైముకి రా, రాకపో, అది నీ ఇష్టం. పై ఆఫీసర్లకి దండం పెట్టు, పెట్టకపో, అదీ నీ ఇష్టం. దీన్ని మాత్రం ఉతక్కు."